బ్రస్సెల్స్ స్థలపురాణం

మన వైపు ప్రతి పాతగుడికీ ఒక స్థలపురాణం ఉంటుంది. రాసినవారు ఆ గుడి మాన్యం మీద బతికినవారే కనుక అందులో దేవుడి మహిమకు లోటుండదు. మాన్యం ఎవరి పొలం నుంచి వచ్చిందన్న సంగతి మాత్రం కనిపించదు. ఐరోపా ఏకీకరణను బోధించే ఆచార్యుల గ్రంథాలు తిరగేసినప్పుడల్లా నాకు ఆ పురాణాలే గుర్తుకొస్తాయి. ఇలా దెప్పడానికి నీకేం అర్హత ఉందని మిత్రులు అడగవచ్చు. పదకొండేళ్ళపాటు తరగతి గదిలో ఆ పురాణాన్ని పారాయణ చేసినవాణ్ణి నేను.

అంతర్జాతీయ సంబంధాలు చదివినవారికి కథాక్రమం కంఠోపాఠమే. రెండు మహాయుద్ధాలలో ఐరోపా బూడిదయింది. 1950 మే 9న ఫ్రెంచి విదేశాంగమంత్రి షూమన్, జాఁ మొనే సిద్ధం చేసిన ప్రకటన చదివాడు. బొగ్గూ ఉక్కూ ఉమ్మడి అయ్యాయి. 1957 మార్చి 25న ఆరు దేశాలు రోములో సంతకాలు చేశాయి. బద్ధశత్రువులు కలిసిపోయారు. ఇక సిద్ధాంతమంటారా, ఒక రంగంలో మొదలైన సహకారం పక్క రంగాల్లోకి పొంగిపొరలుతుందని 1958లో ఎర్నెస్ట్ హాస్ చెప్పాడు. (1975 నాటికి ఆయనే ఈ తరహా సిద్ధాంతాలకు కాలం చెల్లుతోందన్నాడు. ఆ మాట మా సిలబస్‌లో లేదు.)

ఒకనాడు ఇంతవరకూ చెప్పి ఊపిరి తీసుకుంటుండగా వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, 227వ అధికరణంలో అల్జీరియా పేరెందుకుందండీ?" అన్నది. ఆ పిల్ల రోము ఒప్పందం మూలపాఠం చదివింది. నేను చదవలేదు. సారాంశాల మీదే నెట్టుకొస్తున్నాను. "వచ్చే తరగతిలో చూద్దామమ్మా" అని తప్పించుకున్నాను.

ఆ రాత్రి చదివాను. అప్పట్లో ఫ్రాన్సు లెక్కలో అల్జీరియా తన సొంతగడ్డ. కనుక సరుకుల రాకపోకలు, వ్యవసాయం, పోటీ నియమాలు అక్కడ కూడా వర్తిస్తాయని ఆ అధికరణం పేరు పెట్టి మరీ చెబుతోంది. సంతకాలు జరిగేనాటికి అక్కడ స్వాతంత్ర్యయుద్ధం మూడో ఏట నడుస్తోంది. ఒప్పందం నాలుగో భాగం మొత్తం సముద్రాల అవతలి వలసలదే. జాబితాలో బెల్జియన్ కాంగో ఉంది, ఫ్రెంచి పశ్చిమాఫ్రికా ఉంది, డచ్చివారి న్యూగినీ ఉంది. అంతెందుకు, ఆఫ్రికాను అభివృద్ధి చేయడం ఐరోపా ముఖ్యకర్తవ్యాలలో ఒకటని షూమన్ ప్రకటనే అన్నది. ఆఫ్రికాను ఎవరైనా అడిగారా? శాంతికి పునాదిరాయిగా మనం పాఠం చెబుతున్న పత్రం మీద సంతకం చేసినప్పుడు ఫ్రాన్సు అల్జీరియాలో యుద్ధం చేస్తోంది. ఈ ఒక్క వాక్యం నేను చదివిన పాఠ్యపుస్తకాలలో ఎక్కడా లేదు.

2016 జూన్ 23న బ్రిటన్ బయటకు వెళతామని ఓటు వేసినప్పుడు, ఇలాంటిది మునుపెన్నడూ జరగలేదని ఎంతోమంది పండితులు ఆశ్చర్యపోయారు. 1962లో అల్జీరియా ఎలా వెళ్ళింది? 1985లో గ్రీన్‌లాండ్ ఎలా వెళ్ళింది? అవి 'సభ్యదేశాలు' కావంటారు. నిజమే, కావు. వాటికి ఆ హోదా ఎందుకు లేదన్నదే కదా అసలు పాఠం!

ఇక మాన్యం సంగతి. 1989 నుంచి ఐరోపా కమిషన్ జాఁ మొనే పేరిట విశ్వవిద్యాలయాలలో పీఠాలకు సొమ్మిస్తోంది. అగ్రహారం పుచ్చుకున్నవాడు రాజును తిట్టకూడదని శాసనంలో రాసి ఉండదు. ఇక్కడా లేదు. ఆ పీఠాల మీద కూర్చుని కమిషన్‌ను ఘాటుగా విమర్శించేవారున్నారు, వారికి నమస్కారం. కాని విమర్శ దాదాపుగా గర్భాలయం లోపలే తిరుగుతుంది. పార్లమెంటుకు అధికారం చాలదనీ, యూరో నిర్మాణం లోపభూయిష్ఠమనీ వాదిస్తారు. ఆ గుడి ఏ నేల మీద లేచిందన్న ప్రశ్న మాత్రం వారికి తట్టదు. అలన్ మిల్వర్డ్ 1992లోనే ఈ స్థాపకుల కథలను పునీతుల చరిత్రలని ఎద్దేవా చేశాడు. హాన్సెన్, యాన్సన్ అనే స్వీడన్ పండితులిద్దరు 2014లో 'యూరాఫ్రికా' అని పుస్తకమే రాశారు. అంటే ఆధారాలు లేక కాదు, పారాయణకు అడ్డొస్తాయని.

వాళ్ళను అనడం సులువే. మరి మనకేమయింది? 1961లో బ్రిటన్ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టగానే మన తేయాకు, జౌళి ఎగుమతులకున్న రాయితీలు ఏమవుతాయోనన్న బెంగ ఢిల్లీని పట్టుకుంది. 1962లోనే భారత్ ఆ కూటమితో దౌత్యసంబంధాలు పెట్టుకుంది. ఆనాటి మన అధికారులకు అది ఒక సుంకాల గోడ. వలసపాలన చవిచూసిన దేశంలో కూర్చుని, తర్వాతి తరం ఆచార్యులం మేము దాన్ని శాంతిమందిరమని పిల్లలకు వల్లెవేయించాం.

మరుసటి తరగతిలో 227వ అధికరణాన్ని బోర్డు మీద పూర్తిగా రాసి, నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఆ ఏడాది వార్షికపరీక్షలో మాత్రం ఎప్పటిలాగే హాస్ సిద్ధాంతం మీద పెద్ద ప్రశ్న వచ్చింది. ఆ పేపరు తయారుచేసింది నేనే.