చల్లగా ఉంటే లేస్తది, వేడెక్కితే మొండికేస్తది

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేచే కారు, యాభై కిలోమీటర్లు తిరిగొచ్చాక ఆపితే మాత్రం మళ్ళీ లేవదు. తాళం తిప్పితే "గుర్ర్... గుర్ర్" అని మూలుగుతుంది, లేదంటే ఒక్క "టక్"తో సరిపెడుతుంది. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఈ జబ్బు పేరు హీట్ సోక్. మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏప్రిల్, మే నెలలు దీనికి సీజన్.

మా చిన్నాయన పాత డీజిల్ కారు కిరాయికి తిప్పుతాడు. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు మీదుగా వనపర్తికి. ఒక్కోసారి నాగర్‌కర్నూల్ దాకా. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆస్పత్రికి పోయేవాళ్ళే. పోయిన ఎండాకాలం నెలరోజుల పాటు ఆయన ఎక్కడా ఇంజిన్ ఆపలేదు. పేషెంట్ డాక్టర్ దగ్గర ఉన్నంతసేపూ బయట డీజిల్ కాలుతూనే ఉంది. "ఆపితే లేవదురా. బండ్లె ముసలామెను పెట్టుకొని ఎవరు తోయాలె?" అన్నాడు. కిరాయిలో మిగలాల్సింది పొగైపోయింది. ఒక మెకానిక్ మాట మీద బ్యాటరీ మార్చాడు, జబ్బు పోలేదు. ఇంకొకాయన కొత్త సెల్ఫ్ మోటార్ వేయాల్సిందే అన్నాడు.

మెకానిక్‌లను తిట్టి లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌లో మాకూ ఇలాంటి బగ్గులు తగులుతాయి, చూడబోతే మాయమయ్యే రకం. షెడ్డుకు చేరి మన వంతు వచ్చేసరికి బండి చల్లారిపోతుంది, ఆయన తాళం తిప్పితే టక్కున లేస్తుంది. పాపం, ఇక ఊహించి చెప్పడమే మిగులుతుంది. కాబట్టి ఈ జబ్బును వేడిగా ఉన్నప్పుడే, బండి మొరాయిస్తున్నప్పుడే పట్టుకోవాలి.

ఇంజిన్ ఆపగానే లోపల నీళ్ళు తిరగడం ఆగుతుంది, గాలీ ఆడదు. ఆ వేడంతా బానెట్ కింద చిక్కుకుని, ఆపిన తర్వాత కాసేపు సెల్ఫ్ మోటార్ ఇంకా వేడెక్కుతుంది. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. అంటే 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు పోతే పాతిక శాతం పైనే. ఆరోగ్యంగా ఉన్న సెల్ఫ్ ఇది తట్టుకుంటుంది. ఎక్కడో ఒక బోల్టుకు ముందే తుప్పు పట్టి ఉంటే మాత్రం తట్టుకోలేదు.

ఇంజినీరింగ్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఓమ్స్ లా ఇక్కడ పనికొచ్చింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 200 ఆంపియర్లు లాగుతుందనుకోండి. దారిలో 0.01 ఓమ్ అడ్డం పడితే చాలు, 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే ఇంత చిన్న రెసిస్టెన్స్ దొరకదు. కరెంట్ పారుతుండగా వోల్టేజ్ కొలవాలి.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి. సైలెన్సర్ పైపు కాలుతూ ఉంటుంది, చేతులు, చున్నీలు జాగ్రత్త. ఒకరు తాళం తిప్పుతుంటే ముందు బ్యాటరీ చూడండి. 9.6 కంటే బాగా కింద పడితే అనుమానం బ్యాటరీ మీదే. తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకు. అర వోల్టు దాటకూడదు. చివరగా బ్యాటరీ మైనస్ నుంచి సెల్ఫ్ బాడీకి. ఇక్కడ 0.2, 0.3 దాటితే ఎర్త్ సరిగ్గా లేనట్టే. మీటర్ ముల్లు క్లిప్ మీద కాదు, బ్యాటరీ పోస్ట్ మీదే ఆనాలి. ఎందుకంటే ఆ రెంటి మధ్యే తుప్పు దాక్కుంటుంది.

పెబ్బేరు దాటాక రోడ్డు పక్కన ఆపి, మొరాయించినప్పుడే కొలిచాం. ప్లస్ వైపు 0.3. ఎర్త్ వైపు 1.4! ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ ఆకుపచ్చగా మారి, సగం తీగలు తెగి ఉంది. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద లోహం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దాం. కొత్త సెల్ఫ్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఇంజిన్ వేడి మీద ఇంకా కొంచెం బరువుగానే తిరిగితే, సెల్ఫ్ విప్పించి కార్బన్లు, బుష్‌లు మార్పించాడు. అప్పటి నుంచి ఆస్పత్రి ముందు ఇంజిన్ ఆపేస్తున్నాడు.

కేబుళ్ళు బాగుండి కూడా "టక్" అని మాత్రమే వస్తే సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండొచ్చు. ఆ శబ్దం కూడా లేకపోతే ముందు సోలనాయిడ్‌కు వచ్చే సన్న వైరు, రిలే, తాళం స్విచ్ చూడాలి. స్పానర్‌తో సెల్ఫ్ మీద మెల్లగా రెండు తడితే లేస్తుందా? కార్బన్లు అరిగాయని గట్టి అనుమానం. రోజూ స్పానర్‌తోనే బతకొద్దు.

సెల్ఫ్ మీద నీళ్ళు పోసేవాళ్ళను కూడా చూశాను. పక్కనే ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగలొచ్చు. దానికంటే ఊడిపోయిన హీట్ షీల్డ్ రేకును మళ్ళీ బిగించడం నయం. చాలా షెడ్డుల్లో సెల్ఫ్ విప్పినప్పుడు ఆ రేకు పక్కన పడేస్తారు, తిరిగి పెట్టించుకోండి.