అదనపు స్పూలు ఆడంబరం కాదు

"రీలు ఒకటుండగా రెండో స్పూలు ఎందుకండీ, డబ్బు దండగ!" సరదాకి సముద్రంలో గాలం వేసే మిత్రులు తరచూ అనే మాట ఇది. ఈ మాటతో నాకు చిరకాలంగా పేచీ ఉంది. దానిని ఈ టపాలో తేల్చుకోదలచాను.

మాది పద్మనాభం. మా గోస్తని భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమంలో పండుగప్ప కోసం దూరంగా విసరాలంటే సన్నని బ్రెయిడ్ దారం మేలు. రాళ్ళ నడుమ విసరాలంటే రాపిడికి ఓర్చే లావుపాటి నైలాను కావాలి. స్పూలు ఒక్కటే అయితే, ఉన్న దారాన్ని ఊడదీసి మరొకటి చుట్టాలి. ఊడదీసినది ఒడ్డున పడితే ఇసుకలోకి, అక్కడినుండి అలలోకి పోతుంది. నైలాను కుళ్ళదు. ఈ తీరానికి గుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చింది గాని, మెడకు చుట్టుకున్న దారాన్ని ఏ చట్టమూ విప్పజాలదు.

"వలల ముందు మన దారమెంత?" అని వాదించవచ్చు. జాలరికి వల బ్రతుకుతెరువు. మనకు గాలం సరదా. సరదా తన చెత్తను తానే మోసుకుపోవాలి.

"రెండో రీలే కొనుక్కుంటాం" అనేవారూ ఉన్నారు. రీలులో ఉప్పు తినివేయడానికి పళ్ళచక్రాలు, బేరింగులు అనేకం. స్పూలులో అంత యంత్రాంగం లేదు; మంచినీటితో కడిగి ఆరబెడితే చాలు.

ఇక ఎంపిక. 4000 అన్న అంకె కలిసినంత మాత్రాన ఒక సంస్థ స్పూలు మరొక సంస్థ రీలుకు పట్టదు. ఒకే సంస్థలోనూ పాత నమూనాది కొత్తదానికి అమరకపోవచ్చు. కనుక రీలుకు బిగించి చూశాకే కొనాలి. డ్రాగ్ ముందువైపున ఉండే రీళ్ళలో వాషర్లు స్పూలు లోపలే ఉంటాయి. అవి లేని ఉత్త డొల్లను తీసుకోవద్దు. బిగువుగా చుట్టిన నైలాను ఒత్తిడికి నాసిరకం ప్లాస్టిక్ పగలవచ్చు, అల్యూమినియం మేలు. అయితే అంచును వేలితో తడిమి చూడండి. గీత ఉంటే దారం అక్కడే తెగుతుంది, ఉప్పు అక్కడే కొరుకుతుంది. బ్రెయిడ్‌కు లోతు తక్కువ స్పూలు చాలు. అడుగున నాలుగు చుట్లు నైలాను వేస్తే జారదు.

రీలు కొన్ననాడే స్పూలూ అడగండి. ఆ నమూనా తయారీ ఆగిపోయాక వెదకినా దొరకడం కష్టం. స్పూలు విడిగా అమ్మని రీలును అసలు కొనవద్దనే అంటాను. ఖర్చని కాదనేవారికి నా ప్రశ్న ఒక్కటే: మీరు మిగుల్చుకున్న ఆ సొమ్మును సముద్రం చేత ఎందుకు కట్టిస్తున్నారు?