సరిహద్దులో ఇళ్ల, స్థలాల బేరం: లాభం ధరలో లేదు, దస్తావేజులో ఉన్నది

2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో హోసూరుకు రెండు వేల ఎకరాలలో విమానాశ్రయం నిర్మిస్తామని ప్రకటించారు. ఏటా మూడు కోట్ల మంది ప్రయాణికుల రాకపోకలకు సరిపడేలా దానిని రూపొందిస్తామన్నారు. ఇటువంటి ప్రకటన వెలువడినప్పుడల్లా సరిహద్దు పల్లెలలో మొదట వేడెక్కేది స్థలాల బేరమే. ఆ వేడిలో వ్యవసాయ కుటుంబాలు బంగారం కుదువపెట్టి, పొలం అమ్మి, కొని అమ్మే వ్యాపారంలోకి దిగడం కొత్త కాదు. అయితే ప్రకటన వేరు, భూసేకరణ ఉత్తర్వు వేరు. లాభానికి కొన్న స్థలమే రేపు సేకరణ హద్దులోకి వస్తే, దాని వెల నిర్ణయించేది బజారు కాదు, ప్రభుత్వం.

ఈ వ్యాపారం ప్రధానంగా రెండు విధాలుగా సాగుతున్నది. మొదటిది అగ్రిమెంటు బేరం. కొంత అడ్వాన్సు ఇచ్చి, మూడు లేక ఆరు నెలల గడువు వ్రాయించుకొని, ఆ లోపు ఎక్కువ ధరకు మరొకరిని వెదకి, పాత యజమాని చేత నేరుగా అతనికే రిజిస్ట్రేషన్ చేయించడం. చేతిలో తక్కువ సొమ్ముతో మొదలుపెట్టేవారిని ఆకర్షించేది ఇదే. కానీ గడువులోగా కొనేవాడు దొరకకపోతే అడ్వాన్సు పోయినట్లే. పైగా 2001 నాటి చట్ట సవరణ తరువాత, రిజిస్టరు కాని అగ్రిమెంటుతో స్వాధీనం పొందినవారికి మునుపటి చట్టరక్షణ లేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2015 జూన్ నుండి స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు అడ్వాన్సు తీసుకుంటే, తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు.

రెండవది పాత ఇల్లు కొని, మరమ్మతు చేయించి అమ్మడం. దీని లెక్కను కాగితం మీద వేసి చూడవలసిందే. హోసూరులో ఒక ఇంటిని 30 లక్షలకు కొని, ఏడాదికి 38 లక్షలకు అమ్మారనుకుందాం. ఎనిమిది లక్షలు మిగిలాయని ఊరంతా అనుకుంటుంది. తమిళనాడులో స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం కలిపి 2.70 లక్షలు. మరమ్మతుకు 3 లక్షలు. ఇరవై లక్షల అప్పు తెస్తే, పది శాతం వడ్డీ చొప్పున 2 లక్షలు. కొన్నప్పుడు, అమ్మినప్పుడు ఒక్కొక్క శాతం దళారీకి, 68 వేలు. మొత్తం ఖర్చు 8.38 లక్షలు. అంటే చివరికి తేలింది 38 వేల నష్టం.

కర్ణాటక వైపు స్టాంపు సుంకం సాధారణంగా 5 శాతం. రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుండి ఒక శాతం నుండి రెండు శాతానికి పెరిగింది. సెస్సులు అదనం. ఆంధ్రప్రదేశ్‌లో అన్నీ కలిపి 7.5 శాతం. ఇక ఆదాయపు పన్ను సంగతి. 24 నెలల లోపు అమ్మితే వచ్చిన లాభం ఇతర ఆదాయంతో కలిసి శ్లాబు ప్రకారం పన్నుకు లోనవుతుంది. ఆ గడువు దాటితే, 2024 జులై 23 తరువాతి అమ్మకాలకు రేటు 12.5 శాతం. అందుచేత త్వరగా అమ్మడమే లాభమన్న మాట అన్నివేళలా నిజం కాదు.

సరిహద్దు కుటుంబాలకు అసలు చిక్కు మరొకటి ఉన్నది. కుప్పంలో 1బీ, అడంగల్ చూసి పెరిగినవారికి బాగలూరులో పట్టా, చిట్టా, వేప్పనపల్లిలో విల్లంగం సర్టిఫికెట్ ఎదురవుతాయి. ముళబాగిలులో పహణి, ఖాతా అడగాలి. భాష తమిళమో కన్నడమో అవుతుంది. మనవాడే కదా అని తెలుగు మాట్లాడే దళారీ మాటను నమ్మడం ఇక్కడే మొదలవుతుంది. కర్ణాటకలో 2024 అక్టోబరు నుండి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా తప్పనిసరి అయింది. తమిళనాడులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు నిలిపివేసింది. ఆ తరువాత 2017లో, 2016 అక్టోబరు 20 నాటికి ఉన్న ప్లాట్లకు మాత్రమే క్రమబద్ధీకరణ నియమాలు వచ్చాయి. చౌకగా దొరికే ప్లాటు వెనుక తరచు ఇటువంటి కథ ఉంటుంది.

కొనరాని భూములూ మూడు రాష్ట్రాలలో మూడు పేర్లతో ఉన్నాయి. ఆంధ్రలో 1977 చట్టం కిందికి వచ్చే అసైన్డు భూములు. తమిళనాడులో దళితులకు కేటాయించిన పంచమీ భూములు. కర్ణాటకలో షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రభుత్వం మంజూరు చేసిన భూములు. ఈ చివరి వాటికి 1978 చట్టం కింద ముందస్తు అనుమతి అవసరం. వాటిని తిరిగి ఇప్పించాలని కోరడానికి కాలపరిమితి లేదని 2023 సవరణ స్పష్టం చేసింది. ఎన్ని చేతులు మారినా ఆ చిక్కు భూమిని వదలదు.

పాత ఇళ్ల విషయంలో ఆడపడుచుల వాటాను విస్మరించరాదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెల హక్కు ఆంధ్రలో 1985 నుండి, తమిళనాడులో 1989 నుండి, కర్ణాటకలో 1994 నుండి వచ్చింది. 2005 కేంద్ర సవరణ, 2020 సుప్రీంకోర్టు తీర్పు పెళ్లయిన కుమార్తెకూ సమాన హక్కును స్థిరపరచాయి. హోసూరు ఇంటి ఆడపడుచు మాలూరుకో కుప్పానికో కాపురానికి వెళ్లి ఉండవచ్చు. ఆమె సంతకం లేని దస్తావేజు మీద పెట్టిన సొమ్ము కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఈసీలో ఈ సంగతి కనబడదు. అందులో ఉండేవి రిజిస్టరు అయిన లావాదేవీలే.

కనుక ఈ వ్యాపారం ఆరంభించేవారు ధర అడుగకముందే మూడు పనులు చేయాలి. ముప్పై ఏళ్ల ఈసీ, మూల దస్తావేజు, వారసుల జాబితాను ఆ రాష్ట్రపు న్యాయవాది చేత, ఆ భాష తెలిసినవారి చేత చదివించాలి. ఖర్చులన్నీ తీసివేసిన తరువాత మిగులు కనబడితేనే అడ్వాన్సు ఇవ్వాలి. అమ్ముడుపోకపోయినా రెండేళ్లు మోయగల సొమ్మునే పెట్టాలి. పిల్లల చదువుకు, పంటకు దాచిన డబ్బు అందులోకి పోరాదు. కొనేవాడు రేపు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. పోయిన ఎకరం మాత్రం ఆ ధరకు మళ్లీ దొరకదు.