కారే హైడ్రాలిక్ పైపుకు చెయ్యి అడ్డం పెట్టకండి, బండి ఆపించండి!

యుఎఇ మజరాల్లో (తోటల్లో), యార్డుల్లో పనిచేస్తున్న తెలుగు డ్రైవర్లకు, మెకానిక్‌లకు, హెల్పర్లకు, సూపర్‌వైజర్లకు విజ్ఞప్తి



లివా, అల్ ఐన్, అల్ ధైద్, రస్ అల్ ఖైమాలోని దిగ్దాగా, హమ్రానియా... ఏ వైపు ఖర్జూరపు తోటలోకి వెళ్లినా అక్కడి ట్రాక్టర్‌ను ఒకసారి వంగి చూడండి. వెనక కప్లర్ల దగ్గరో, లోడర్ సిలిండర్ల దగ్గరో ఆయిల్ చెమర్చి, దాని మీద ఇసుక పేరుకుని ఉంటుంది. కొన్నిటికి తెల్ల టేపు చుట్టి ఉంటుంది. కొన్నిటికి పాత ట్యూబు ముక్క వేసి తీగతో బిగించి ఉంటుంది. "నడుస్తోంది కదా, కానీ" అంటాడు ముదీర్ (మేనేజర్). జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి అప్పు చేసి వచ్చిన మనం మారు మాట్లాడం. ఊళ్లో ట్రాలీ జాకీకి ఆయిల్ కారినా గుడ్డ చుట్టి నడిపినవాళ్లమే కదా, ఇక్కడా అదే చేస్తున్నాం.

ఇది ఆగాలి. హైడ్రాలిక్ జాయింటు కారుతున్న బండి, సరైన సామాను వేసి బాగుచేసేదాకా పనిలోకి దిగకూడదు. ప్రతి మజరాలో, ప్రతి యార్డులో ఈ నియమం రావాలి. నష్టపోయేది మన చేతులే కాబట్టి దీన్ని మనమే అడిగి తెచ్చుకోవాలి.

కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ. ట్రాక్టర్ హైడ్రాలిక్ లైనులో ఆయిల్ ఒత్తిడి 150 నుంచి 200 బార్ల దాకా పోతుంది. ఎక్స్‌కవేటర్లలో 300 దాటుతుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరడానికి ఏడు బార్లు చాలు. పైపుకు సూదిమొనంత రంధ్రం పడితే అందులోంచి వచ్చే ఆయిల్ ధార కంటికి కనబడకపోవచ్చు. ఎక్కడ కారుతోందో చూద్దామని వేలితో తడిమినవాడి వేలిలోకి, గ్లౌజు ఉన్నా సరే, ఆ ఆయిల్ దిగిపోతుంది.

అసలు మోసం ఆ తర్వాత ఉంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది. రక్తం పెద్దగా రాదు, మొదట్లో నొప్పీ అంతగా ఉండదు. తుడుచుకుని పని చేసుకుంటాం. కొన్ని గంటలకు వేలు ఉబ్బుతుంది, మొద్దుబారుతుంది, రంగు మారుతుంది. లోపల ఆయిల్ నరాల వెంట, కండరాల పొరల వెంట పాకి కండను చంపుతూ ఉంటుంది. సర్జన్ వేలిని తెరిచి శుభ్రం చేయాలి. ఆలస్యమైనకొద్దీ వేలో చెయ్యో తీసేయాల్సి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఆయిల్ గుచ్చుకున్నట్టు అనుమానం వచ్చినా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. ఆసుపత్రిలో "కోసుకుంది" అనకండి. "హై ప్రెషర్ ఇంజెక్షన్, హైడ్రాలిక్ ఆయిల్" అని ఈ మాటలతోనే చెప్పండి. ఆయిల్ డబ్బా మీది పేరును ఫోన్‌లో ఫొటో తీసి తీసుకెళ్లండి. నొప్పి మాత్ర వేసుకుని క్యాంపులో పడుకోవడం మాత్రం వద్దు.

కారుతున్న చోటు వెతకాలంటే పెద్ద అట్టముక్కో చెక్కముక్కో తీసుకుని, ఒళ్లు దూరంగా ఉంచి పైపు వెంట జరపండి. అట్ట తడిసిన చోటే లీకు. కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇక బాగుచేయడం. ముందుగా బకెట్టు గానీ, వెనక పనిముట్టు గానీ పూర్తిగా నేలకు దించాలి. ఇంజన్ ఆపాలి. తర్వాత హైడ్రాలిక్ లీవర్లన్నిటినీ ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు కదిలిస్తే లైనులో చిక్కుకున్న ఒత్తిడి దిగుతుంది. ఎలక్ట్రిక్ వాల్వులైతే ఇంజన్ తిప్పకుండా తాళం మాత్రం ఆన్‌లో పెట్టి కదిలించాలి. ఎత్తిన బకెట్టు కిందికి దిగకుండా ఇరుక్కుంటే దాని కింద ఎవరూ దూరకూడదు, నట్టు ముట్టుకోకూడదు. గ్యాస్ నింపిన అక్యుములేటర్ ఉన్న బండిలో ఇంజన్ ఆపినా ఒత్తిడి నిలిచే ఉంటుంది, దాన్ని తెలిసిన మెకానిక్‌కే వదలండి. ఆయిల్ చల్లారాక నట్టును కొద్దికొద్దిగా వదులు చేయాలి.

టేపు గురించి గట్టిగా చెప్పాలి. చాలామంది జాయింటును ఆపేది మర అనుకుంటారు. ట్రాక్టర్ హోస్ జాయింట్లలో ఎక్కువ వాటికి మర పని పట్టి ఉంచడం వరకే. ఆయిల్‌ను ఆపేది లోపల ఒకదానికొకటి కూర్చునే ఏటవాలు సీటు, లేదా ఓ-రింగు. సీటు మీద గీత పడినా, ఓ-రింగు ఎండి గట్టిపడినా మర మీద ఎన్ని చుట్లు టేపు వేసినా లీకు ఆగదు. పైగా ఆ టేపు పోగులు ఆయిల్‌లో కలిసి వాల్వులో ఇరుక్కుంటాయి. అప్పుడు కొద్ది దిర్హామ్‌ల ఓ-రింగుతో పోయే పని వాల్వు బ్లాకు విప్పేదాకా వస్తుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. యుఎఇలో అమెరికా బండి, జపాన్ బండి, యూరప్ బండి పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని నిప్పిల్ ఇంకోదానికి మర కుదిరి బిగుసుకుంటుంది, కానీ లోపల సీటు కుదరదు. 37 డిగ్రీల ఫ్లేర్, 45 డిగ్రీల ఫ్లేర్ కొన్ని సైజుల్లో ఒకే మరతో వస్తాయి. బ్రిటిష్ పైపు మర ఫిట్టింగులోనూ, దాన్ని పోలిన జపాన్ ఫిట్టింగులోనూ మర ఒకలాగే ఉన్నా సీటు తీరు వేరు. అలా బిగిస్తే ఆ పూటకు ఆగినట్టే కనిపించి, బరువు ఎత్తగానే చిమ్ముతుంది. కారుతోందని ఇంకా బిగిస్తే సీటు పగులుతుంది. అందుకే పాత పైపు రెండు కొసలనూ సనయ్యకు (ఇండస్ట్రియల్ ఏరియాకు) పట్టుకెళ్లి, గేజితో కొలిపించి, అదే రకం కొనండి. ముసఫ్ఫాలో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో క్రింపింగ్ మెషీన్ ఉన్న షాపులకు కొదవ లేదు. లీకు క్రింపు (పైపును ఫిట్టింగులోకి నొక్కి బిగించిన చోటు) దగ్గరే ఉంటే దాన్ని బిగించడం, అతికించడం కుదరదు, కొత్త పైపు వేయాల్సిందే. బిగించేటప్పుడు రెండు పానాలు వాడండి, ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే పైపు మెలిపడుతుంది. మెలిపడిన పైపు ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ నిటారు కావాలని లాగి, కొద్దికాలంలోనే మళ్లీ వదులవుతుంది.

ఇక్కడి ఎండకు రబ్బరు త్వరగా చస్తుంది. 2025 మే 24న స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజు లోడర్ నడిస్తే ఆయిల్ ఎంత కాగుతుందో ఊహించండి. ఆయిల్ వేడి 82 డిగ్రీలు దాటిందంటే చాలా రకాల సీళ్ల ఆయుష్షు తరగడం మొదలవుతుంది. హోస్ మీద సాధారణంగా తయారైన తేదీ అచ్చు ఉంటుంది, చదవండి. జర్మన్ ప్రమాణం డిన్ 20066 ప్రకారం హోస్‌ను, షాపులో ఉన్న కాలం కూడా కలుపుకుని, ఆరేళ్లకు మించి వాడకూడదు. ఎండలో పడి ఉండే మజరా బండికి అంత గడువు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. వెనక కప్లర్లకు దుమ్ము టోపీలు పోతే వెంటనే కొనిపించండి, ఇసుక లోపలికి పోయే దారుల్లో టోపీ లేని కప్లర్ ముఖ్యమైనది.

అర్బాబ్‌కు (యజమానికి), ముదీర్‌కు డబ్బు లెక్కలోనే చెప్పండి. సెకనుకు ఒక్క చుక్క కారితే, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటర్ అనుకున్నా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. అదంతా ఖర్జూరపు చెట్ల మొదట్లో, బోరు నీళ్లు పారే కాలవ పక్కన ఇంకుతోంది. 2022లో షార్జా ప్రభుత్వం మ్లైహాలో 400 హెక్టార్లతో గోధుమ సాగు మొదలుపెట్టింది. ఎడారిలో పంట కోసం ఇంత ఖర్చు పెట్టే దేశంలో ఆ నేలను ఆయిల్‌తో పాడుచేయడం యజమానికీ మంచిది కాదు.

చట్టమూ మన వైపే ఉంది. కంపెనీ వీసా మీద ఉన్నవారికి 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. పని వద్ద భద్రతా ఏర్పాట్లు యజమాని బాధ్యత. పనిలో గాయమైతే వైద్యం ఖర్చు ఆయనే భరించాలి, కోలుకునేదాకా ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాతి ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. కఫీల్ (స్పాన్సర్) ఇంటి వీసా మీద సొంత మజరాలో పనిచేసేవారు 2022 నాటి గృహ కార్మికుల చట్టం కిందికి వస్తారు. మీది ఏ వీసానో ఈరోజే చూసుకోండి. కార్మిక శాఖ సలహా నంబరు 80084. మనవాళ్ల కోసం దుబాయ్‌లో ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 80046342.

యుఎఇలోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక మాట. ఉగాదికి, బతుకమ్మకు హాళ్లు నింపగలిగిన మీరు ఒక సెలవు పూట క్యాంపుకు ఒక మంచి మెకానిక్‌ను తీసుకెళ్లి, కోసిన హోస్ ముక్క చూపించి తెలుగులో చెప్పించండి. ఊరి నుంచి బయలుదేరే ముందే ఇది తెలిస్తే ఇంకా మేలు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ విదేశాలకు పోయేవారికి ఇచ్చే శిక్షణలో ఈ అంశానికి ఒక పూట కేటాయించాలని మనమందరం అర్జీ పెడదాం.

డ్రైవర్ అన్నా, రేపు పొద్దున తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడు. తడి కనిపిస్తే ఫొటో తీసి, "పైపు మార్చేదాకా బండి తీయను" అని ముదీర్‌కు పంపు. హెల్పర్ తమ్ముడిని ఒంటరిగా ఆ పైపు దగ్గరికి పంపకు. ఈ కాగితం చదివాక పక్క మజరాలో ఉన్న మన మనిషికి ఇవ్వు.