అడవి దారికి విద్యుత్తు సైకిలు: బ్యాటరీ దూరమా, బండి తేలికయా?



ఈ మాసము మాకు చేరిన జాబులలో నొకటి దుమ్ముగూడెము ప్రాంతమునుండి వచ్చినది. వ్రాసినవారు ఒక అత్తగారు. ఆమె కోడలు ఆశా కార్యకర్త. లోపలి కోయగూడెములకు పోయి గర్భిణులను, బాలింతలను, పసిబిడ్డలను విచారించి చీకటి పడకమునుపే యిల్లు చేరవలెను. వారములో ఐదు దినములు రానుపోను 18 కిలోమీటర్లు. దూరపు గూడెము వంతు వచ్చిన దినమున 34. బస్సు పెద్దబాట విడిచి లోనికి రాదు. ఆటో దొరికిన దినము పండుగ దినమే. చీటీ పాడగా వచ్చిన సొమ్ముతో కోడలికి విద్యుత్తు సైకిలు కొనిపెట్టదలచి అత్తగారు ఖమ్మములో నొక యంగడికి పోయిరి. అక్కడ లావు టైర్ల మౌంటెను సైకిళ్లు రెండు చూపిరట. ఒకటి 20 కిలోల బరువు. దాని బ్యాటరీ 36 వోల్టులు, 7 ఆంపియరు గంటలు. రెండవది 26 కిలోలు. దాని బ్యాటరీ 36 వోల్టులు, 14 ఆంపియరు గంటలు. మొదటిది 40 కిలోమీటర్లు, రెండవది 80 కిలోమీటర్లు పోవునని అంగడివాడు చెప్పెను. "కోడలు 48 కిలోల మనిషి. బరువుది కొన్నచో మోయలేదేమో, తేలికది కొన్నచో నడుమ ఆగిపోవునేమో. ఏది కొనుమందురు?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్న చక్కనిది. దూరమును గూర్చి అంగడివారు అడుగకయే చెప్పుదురు. బరువును గూర్చి అడిగినగాని చెప్పరు. కావున మొదట దూరపులెక్క చూతము.

వోల్టులను ఆంపియరు గంటలతో హెచ్చవేసిన వాట్ గంటలు వచ్చును. చిన్న బ్యాటరీ 252 వాట్ గంటలు, పెద్దది 504. వేయి వాట్ గంటలు కలిసిన మన కరెంటు బిల్లులోని యొక యూనిట్టు. అనగా పెద్ద బ్యాటరీ నిండుటకు అర యూనిట్టుకంటె కొంచెము ఎక్కువ చాలును. పాల్వంచలో బొగ్గు కాల్చి తీసిన కరెంటే ఇందులో చేరునేమో! ఆ బొగ్గు బరువైనను మన కోడలు మోయనక్కరలేదు.

నున్నని తారురోడ్డుపై పెడళ్లు త్రొక్కుచు పోయినచో కిలోమీటరునకు 6 మొదలు 8 వాట్ గంటలు చాలును. ఇసుక, గులకరాళ్లు, వానకు మెత్తబడిన మట్టి గల అడవిబాటలో, వెనుక మందులసంచితో, 12 పట్టునని లెక్కవేయుట క్షేమము. పెడలు ముట్టక చేతిపిడి త్రిప్పుచునే పోయినచో 15 దాటి 20 వరకును పోవును. మనము 12 అనుకొందము. చిన్న బ్యాటరీ 21 కిలోమీటర్లు, పెద్దది 42 కిలోమీటర్లు ఇచ్చును. అంగడివాడు చెప్పిన 40, 80 అబద్ధములని కాదు. మంచి రోడ్డు, ఎదురుగాలి లేని వేళ, సంచి లేని మనిషి, క్రొత్త బ్యాటరీ, ఇవి నాలుగును కుదిరిన దినమున అవి నిజమే. ఆశా కార్యకర్తకు అట్టి దినములు సంవత్సరమునకు ఎన్ని వచ్చును?

ఇక బరువు. పెద్ద బ్యాటరీ తన బరువును తానే మోయవలెను గనుక దాని లాభమంతయు ఆ మోతలోనే పోవునని పలువురు తలంతురు. లెక్క వేరుగా నున్నది. మనిషి, సంచి, బండి కలిసి సుమారు 80 కిలోలనుకొన్నచో, ఆ బరువును 100 మీటర్ల యెత్తునకు చేర్చుటకు కావలసిన శక్తి 22 వాట్ గంటలు. మోటారులో వృథాయగునది కలిపినను 30 దాటదు. పెద్ద బ్యాటరీవలన పెరుగు బరువు కిలోన్నర. ఆ కిలోన్నరను అంతయెత్తు ఎక్కించుటకు అర వాట్ గంటయైనను పట్టదు. సమమైన దారిలో నష్టము ఇంకను తక్కువ. 21 కిలోమీటర్లు అదనముగా నిచ్చు వస్తువు తన మోతకు ఒక కిలోమీటరైనను తినదు. దారిలో నున్నంతవరకు బ్యాటరీ బరువును గూర్చి బెంగ వలదు.

రెండు సైకిళ్లకు 6 కిలోలు తేడా యుండగా బ్యాటరీ పాలు కిలోన్నరయే యెట్లయినదని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్న అంగడిలో అడుగవలసినది. వెనుకటి సీసపు బ్యాటరీలైనచో 504 వాట్ గంటలకు 14 కిలోలు తూగెడివి. 1991లో జపానుదేశపు సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీలను తొలుత అమ్మకమునకు తెచ్చినది. ఆ విద్యకు పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమానము వచ్చినది. ఈ రకపు బ్యాటరీ 500 వాట్ గంటలకు 3 కిలోల చిల్లర మాత్రమే తూగును. కాబట్టి తక్కిన నాలుగున్నర కిలోలు ఇనుప ఫ్రేములో, ముందరి ఫోర్కునకు తగిలించిన స్ప్రింగు షాకులలో, బరువైన స్టాండులో నున్నవన్నమాట.

ఈ జాతి సైకిళ్లు 1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో, కొండపైనుండి రాళ్లబాటలో దిగుటకని పుట్టినవి. భద్రాచలము చుట్టుపట్ల కొండలు లేకపోలేదు. కాని గూడెముల దారులు చాలవరకు కొండ నెక్కవు, కొండ ప్రక్కనుండి పోవును. వాని కష్టము వాగులలో నున్నది. గట్టు నిట్టనిలువుగా దిగవలెను, ఇసుకలో ఈడ్వవలెను, మరల నిట్టనిలువుగా ఎక్కవలెను. కావున లావు టైర్లు మనకు ముఖ్యము, వానిని విడువరాదు. చౌక సైకిళ్లలో అలంకారమునకు పెట్టిన షాకులు మాత్రము బరువునకే గాని సుఖమునకు అంతగా ఉపకరింపవు. అవి లేని, అల్యూమినియం ఫ్రేము గల బండి దొరకునేమో విచారింపుడు.

అయితే బరువు పూర్తిగా లెక్కలేనిదా? కాదు. దాని వెల దారిలో గాక ఇంటి మెట్లవద్దను, వాగు గట్టునను, బ్యాటరీ తీరినచోటను చెల్లించవలెను. 26 కిలోలనగా పాతిక కిలోల బియ్యపుబస్తాకు ఒక కిలో ఎక్కువ. బస్తాను భుజమున వేసికొనవచ్చును. సైకిలునకు అట్టి యెత్తుబడి లేదు. ఐదు మెట్లున్న అరుగుమీదికి ప్రతిరాత్రి దానిని చేర్చవలసివచ్చినచో, మొదటి మాసము ఉత్సాహముతో ఎక్కింతురు, రెండవ మాసము వాకిట విడుతురు, మూడవ మాసమున అది వానలో తడియును. అడవి నడుమ ఛార్జి తీరినదా, అది వట్టి ఇనుము. వెలుగు తగ్గు వేళ ఎలుగుబంట్లు తిరుగు దారిలో ఒంటరి స్త్రీ దానిని నెట్టుకొనుచు వచ్చుట మాటలుగాదు. బరువు ఎక్కువైన కష్టము ప్రతిదినము కొంచెము కొంచెము. దూరము చాలనిచో కష్టము ఎప్పుడో ఒక్కనాడే వచ్చును, కాని అంతయు ఒక్కసారియే వచ్చును. ఈ రెంటిలో నేను రెండవదానికే ఎక్కువ భయపడుదును.

ఇంకొక సంగతి గలదు. అంగడివారు దీనిని చెప్పగా వినలేదు. బ్యాటరీ సుమారు 500 మారులు నిండి ఖాళీయగునప్పటికి తన శక్తిలో అయిదవవంతు పోగొట్టుకొనుననుకొందము. మన కోడలు వారమునకు తిరుగునది 124 కిలోమీటర్లు, అనగా 1,488 వాట్ గంటలు. పెద్ద బ్యాటరీ వారమునకు మూడుమారులు నిండును. 500 మారులకు మూడేండ్లు దాటును. చిన్నది దాదాపు ఆరుమారులు నిండవలెను. రెండేండ్లు నిండకమునుపే ముసలిదగును. అప్పుడు దానికి మిగులు శక్తి 200 వాట్ గంటలు. ప్రతిదినపు 18 కిలోమీటర్లకే చాలదు. అర్ధవెలకు వచ్చినదని కొన్న వస్తువు అర్ధకాలమే పనిచేసిన లాభమెక్కడ?

దూరపు గూడెములోని అంగన్‌వాడీలో ఛార్జి పెట్టుకొనవచ్చును గదా యనవచ్చును. సామాన్యమైన ఛార్జరు గంటకు 70, 80 వాట్ గంటలు నింపును. అది ఆరు కిలోమీటర్ల దారి. చిన్న బ్యాటరీతో 34 కిలోమీటర్లు తిరిగిరావలెనన్న అక్కడ రెండు గంటలకు పైగా కూర్చుండవలెను, ఆ రెండు గంటలును కరెంటు ఉండవలెను. వానకాలమున ఆ నమ్మకము లేదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగినట్టి దినములలో సైకిలు మాటయే యుండదు గాని, మామూలు గాలివానకే తీగలు తెగుట మీరెరుగనిది కాదు.

కావున అమ్మా, నా సలహా యిది. బ్యాటరీ విషయమున పెద్దదానినే కోరుడు. బండి విషయమున తేలికదానిని వెదకుడు. 500 వాట్ గంటల బ్యాటరీతో 22, 23 కిలోలకు మించని బండి దొరకినచో సందేహింపక తీసికొనుడు. దొరకనిచో 26 కిలోలదే కొనుడు, కాని బ్యాటరీ తాళము తీసి ఊడదీయుటకు వీలైనదై యుండవలెను. ఊడదీసిన బండి 23 కిలోలు. బ్యాటరీని వేరుగా కూరలసంచివలె ఇంటిలోనికి తెచ్చుకొనవచ్చును. ఇంటివారు ఎత్తి పెట్టువారెవరును లేక, మెట్లును ఎక్కువై, దినపుదారి 12 కిలోమీటర్లు దాటనివారైనచో, చిన్నదానినే కొనుమందును. మీ కోడలిది ఆ సంగతి కాదు.

అంగడిలో త్రొక్కి చూచుట చాలదు. మోటారు ఆపి నూరు గజములు త్రొక్కవలెను. కొన్ని మోటార్లు ఆగినపిదప చక్రమును పట్టి వెనుకకు లాగును. బ్యాటరీ తీసి రెండు మెట్లు ఎత్తి చూడవలెను. బరువు బండికి బ్రేకులు గట్టివి కావలెను. డిస్కు బ్రేకులైన మేలు. ఇవన్నియు చేయవలసినది కోడలు. ఆమె అంగడికి వచ్చినట్లు మీ జాబులో లేదు. ఈమారు తప్పక వెంటబెట్టుకొని పొండు. 1991లో తమిళనాట పుదుక్కోట జిల్లాలో చదువుల ఉద్యమముతోపాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. అరువు తెచ్చిన మగవారి సైకిళ్లమీదనే నేర్చినవారు వారిలో ఎందరో! మన కోడలి కాళ్లకు సరిపోవు ఎత్తు చూచి కొను భాగ్యము మనకున్నది.

ఎండను గూర్చి ఒక్క మాట. మే మాసమున మీ ప్రాంతమున 45 డిగ్రీలకు చేరు దినములు గలవు. ఎండలో వచ్చిన బండికి వెంటనే ఛార్జి పెట్టరాదు. నీడలో గంటసేపు చల్లార్చి పెట్టవలెను. దానితో వచ్చిన ఛార్జరునే వాడవలెను. పడుకొను గదిలోను, వాకిలికి అడ్డముగాను పెట్టి నిద్రపోరాదు. లిథియంలోనే ఫాస్ఫేటు రకమను నొకటి గలదు. కొంచెము బరువు ఎక్కువైనను వేడికి ఓర్చును, ఎక్కువకాలము మన్నును. అది దొరకినచో ఆ అరకిలో, కిలో బరువును సంతోషముతో భరింపవచ్చును. వాగునీరు చక్రపు ఇరుసును ముట్టునంత యున్నప్పుడు బండిని దింపరాదు. చినుకులకు ఓర్చు మోటారు మునుకకు ఓర్వదు.

మోటారు 250 వాట్లలోపు, వేగము గంటకు 25 కిలోమీటర్లలోపు ఉన్న సైకిలునకు లైసెన్సుగాని రిజిస్ట్రేషనుగాని అక్కరలేదు. అంతకు మించినదానిని అదే వెలకిచ్చెదమన్నను ఒప్పుకొనకుడు. బ్యాటరీకి ఎన్నేండ్ల గ్యారంటీయో, శక్తి ఎంత తగ్గిన మార్చి యిత్తురో రసీదుమీద వ్రాయించుడు. తాళపుచెవులు రెండు ఇత్తురు. ఒకటి కోడలివద్ద, రెండవది మీ దేవునిగూటిలో.