కంప్యూటరు చదివింది సరే, మనం చూశామా?



ఈ మధ్య ఆసుపత్రులలో మీ పాత మందుచీటీలు, డిశ్చార్జి కాగితాలు, ల్యాబు రిపోర్టులు తీసుకుని స్కాన్ చేయడం మీరు చూసే ఉంటారు. ఆ కాగితాన్ని సాఫ్ట్‌వేరు చదివి పేరు, వయసు, మందు, మోతాదు ఏ గడిలోవి ఆ గడిలో తానే నింపుతుంది. ఒకప్పుడు మేము నైట్ డ్యూటీలో కూర్చొని రిజిస్టర్లలోకి ఎత్తి రాసిన పని ఇది. ఆ చాకిరీ తగ్గినందుకు నాకూ సంతోషమే. కాని యంత్రం నింపిన గడిని మనిషి సరిచూడకుండా రికార్డులోకి ఎక్కించకూడదని నా అభిప్రాయం.

జరిగిన ఒక సంగతి చెబుతాను. గుండెజబ్బు ఉన్న ఒక పెద్దావిడ పాత చీటీలో థైరాయిడ్ మాత్ర 12.5 మైక్రోగ్రాములని ఉంది. కాగితం మడతలో చుక్క చెరిగిపోయింది. కంప్యూటరు దాన్ని 125 అని చదివింది. 125 మాత్ర కూడా షాపుల్లో దొరికేదే కనుక సాఫ్ట్‌వేరుకు అనుమానం రాలేదు, హెచ్చరిక పడలేదు. మా సిస్టరు ఒకామె, "అమ్మా, మీరు వేసుకునే మాత్రల అట్ట ఒకసారి చూపించండి" అని అడగబట్టి బయటపడింది. పదింతల మోతాదు ఆమె గుండె తట్టుకునేదా?

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు తాము చదివిన ప్రతి ముక్కకు తామే మార్కులు వేసుకుంటాయి. తక్కువ మార్కులు వచ్చినవాటిని రంగు వేసి చూపిస్తాయి. రంగు ఉన్నవి మాత్రమే చూసి మిగిలినవి ఒప్పేసుకోవడం మన పొరపాటు. ఆ మార్కులు అక్షరం ఎంత స్పష్టంగా కనబడిందో చెబుతాయి. ఆ మోతాదు ఈ రోగికి తగినదో కాదో చెప్పవు.

తప్పులు ఎన్ని విధాలుగా వస్తాయో చూడండి. ఇన్సులిన్ యూనిట్లకు గుర్తుగా రాసే 'యు' అనే ఇంగ్లీషు అక్షరం సున్నాలా కనబడితే 10 కాస్తా 100 అవుతుంది. హైడ్రాక్సిజిన్ దురదకు ఇచ్చేది, హైడ్రాలజిన్ బి.పి.కి ఇచ్చేది, చేతిరాతలో రెండూ ఒకేలా ఉంటాయి. 3/4 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. ఇంటిపేరు ఒక చీటీలో ముందు, మరో చీటీలో వెనుక ఉంటే ఒక్క మనిషికే రెండు రికార్డులు తయారవుతాయి.

ఆధార్‌లోని 12 అంకెల్లో చివరి అంకె మిగిలినవాటిని సరిచూడడానికే పెట్టినది. ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు. మందు మోతాదుకు అలాంటి కాపలా అంకె లేదు. అక్కడ కాపలా మనిషే.

"అన్నీ మళ్ళీ చూడాలంటే ఇక కంప్యూటరు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. అన్నీ ఒకే శ్రద్ధతో చూడనక్కరలేదు. చిరునామాలో ఒక అక్షరం పోతే ప్రాణం పోదు. పేరు, వయసు, పడని మందులు, వాడుతున్న మందులు, మోతాదు - ఇవి మాత్రం అసలు కాగితం పక్కన పెట్టుకొని చూడవలసిందే. ఎవరు సరిచూశారో కూడా రికార్డులో ఉండాలి. రక్తం ఎక్కించేముందు ఇద్దరం కలిసి బ్యాగు నంబరు చదువుతాము. అది వృథా అని ఎవరూ అనరు కదా! గంటకు ఎన్ని కాగితాలు పూర్తయ్యాయని మాత్రమే లెక్క అడిగే పెద్దలు, ఎన్ని తప్పులు దొరికాయని కూడా అడగాలి.

మీ వంతు కూడా ఉంది. వచ్చేటప్పుడు మాత్రల అట్టలు వెంట తెచ్చుకోండి. "నా పేరు, నా మందులు ఒకసారి చదివి వినిపించండమ్మా" అని అడగండి. మేము ఏమీ అనుకోము. కౌంటరు దగ్గర సిస్టరు కాగితం వంక, తెర వంక మార్చి మార్చి చూస్తూ ఆలస్యం చేస్తే దయచేసి విసుక్కోకండి. ఆ రెండు నిమిషాలు మీ కోసమే.