పంచాంగం లెక్కగట్టిన క్రైస్తవ సభాపతి

పంచాంగం మాట ఎత్తితే మన సంఘాల్లో చాలామంది ముఖం తిప్పుకుంటారు. ముహూర్తాలు, రాహుకాలాలు విశ్వాసికి అక్కరలేదు, నిజమే. అయితే వాటితోపాటు లెక్కను కూడా పారేశామేమోనని మా అనుమానం.

దివాన్ బహదూర్ ఎల్.డి. స్వామికన్ను పిళ్లై తమిళ క్రైస్తవుడు. 1865లో పుట్టి, సర్కారు కొలువులో అంచెలంచెలుగా ఎదిగి, 1924లో మద్రాసు శాసనమండలికి అధ్యక్షుడయ్యాడు. ఇప్పటి మాటల్లో స్పీకరు. మన ఆంధ్ర జిల్లాల ప్రతినిధులు కూడా ఆయన ఎదుట లేచి మాట్లాడినవారే. 1925 సెప్టెంబరులో, ఆ పదవిలో ఉండగానే కన్నుమూశాడు. ఆయన రోమన్ కాథలిక్కు కదా అని మనం పక్కన పెడితే నష్టం మనదే.

సభాపతిగా ఆయనకు రెండేళ్లయినా నిండలేదు. చరిత్రకారులు నేటికీ ఆయన్ని తలచుకునేది 1922లో మద్రాసులో అచ్చయిన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ సంపుటాల వల్ల. క్రీ.శ. 700 నుంచి 1799 వరకు తిథులకు, వారాలకు ఇంగ్లీషు తేదీలు చూపే పట్టికలవి. పదకొండు వందల ఏళ్లు, దాదాపు నాలుగు లక్షల రోజులు! కంప్యూటరు ఊహకైనా అందని కాలంలో!

పాత శాసనం మీద శక సంవత్సరం, మాసం, తిథి, వారం ఉంటాయి. శకానికి 78 కలిపితే ఏడాది సుమారుగా తెలుస్తుంది గానీ రోజు తెలియదు. ఈ పట్టికల్లో వెదికితే రోజు దొరుకుతుంది. వారం కుదరలేదా, చెక్కినవాడినో చదివినవాడినో అనుమానించాలి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరాన్ని కొలిచే కొలత. అందులో భయపడవలసిందేముంది? ఆమాటకొస్తే మన ఈస్టరు కూడా పున్నమి లెక్క మీదే వస్తుంది.

లూకా సువార్తికుడు బాప్తిస్మమిచ్చు యోహాను సంగతి మొదలుపెడుతూ, అప్పటి చక్రవర్తి ఎవరో, అది ఆయన ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పాకే ముందుకు కదిలాడు. తేదీ ఆయనకు భక్తికి అడ్డనిపించలేదు. మనమో, సాక్ష్యం చెప్పేటప్పుడు ‘ఆ రోజుల్లో’ అని సరిపెట్టుకుంటాం.

ఒక పల్లె సంఘం శతవార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాం. మొదటి బాప్తిస్మాల రిజిస్టరు చూపించమన్నాం. ఎప్పుడో చెదలు తినేసిందన్నారు. వేదిక మీది బ్యానరుపై మాత్రం సంఘ స్థాపన తేదీ బారెడు అక్షరాల్లో ఉంది. అది ఎక్కడ దొరికిందని అడిగితే, కమిటీ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.